అరవై దాటాక బరువు, బీపీ: పాఠకుల సందేహాలకు డాక్టరు సమాధానాలు

కిందటి నెల ఈ శీర్షికలో రక్తపోటు మందుల గురించి రాసిన సమాధానం చదివి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. పెద్ద వయసులో ఒంటి బరువుకూ బీపీకీ నిజంగా సంబంధం ఉందా, ఉంటే ఆ వయసులో బరువు తగ్గడం క్షేమమేనా అన్నదే వాటిలో ఎక్కువ మంది సందేహం. ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి కీడు చేసే విషయం ఇది. అందుకే అందరికీ కలిపి ఒక జవాబు రాయకుండా, అయిదు ఉత్తరాలు తీసుకుని విడివిడిగా రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్ళు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. ఏడాదిగా రోజూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నా బీపీ 158/84 దగ్గరే ఉంటోంది. బరువు తగ్గితే గాని లాభం లేదని డాక్టరు గారు అన్నారు. ఆవిడేమో “మా అమ్మా ఇలాగే ఉండేది, ఇది మా ఇంటి ఒళ్ళు, ఈ వయసులో కడుపు మాడ్చుకుని నేను బావుకునేదేముంది” అంటున్నారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు. ఆవిడ మాటలో నిజమెంత? (ఒక కోడలు, నరసన్నపేట)

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాటలో సగం నిజముంది. బరువూ, బీపీ రెండూ కుటుంబాల్లో నడిచేవే. వయసుతో బీపీ పెరగడమూ అంతే సాధారణం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులను దశాబ్దాల పాటు గమనించిన పరిశోధకులు 2002లో ప్రకటించిన లెక్క ప్రకారం, 55 నుంచి 65 ఏళ్ళ వయసు వరకు బీపీ లేకుండా వచ్చినవారిలో కూడా పది మందిలో తొమ్మిది మందికి మిగిలిన జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది రావచ్చు. ఇంటి ఒళ్ళనీ, వయసునీ ఎవరూ మార్చలేరు. ఈ రెండింటి మీదా అదనంగా ఎక్కి కూర్చునే పొట్ట కొవ్వును మాత్రం కొంతవరకు దించవచ్చు, ఆవిడ ఒప్పుకోవలసిన సగం అదే.

కొవ్వు అంటే బస్తాలో కట్టి పక్కన పెట్టిన ఊక లాంటిదని చాలామంది అనుకుంటారు. అది ప్రాణమున్న కణజాలం, దానికీ రక్తం కావాలి, ఆ రక్తాన్ని అందించడానికి గుండె అదనంగా పనిచేయాలి. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు అంతటితో ఆగదు. అది కిడ్నీలను చుట్టి అదుముతుంది, అదిమితే అవి బయటికి పంపవలసిన ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలుపుకుంటాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ వంటి రసాయనాలు నాడులను ప్రేరేపించి రక్తనాళాలను బిగిస్తాయి. చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌కు ఒళ్ళు సరిగా లొంగకపోవడంతో ఒంట్లో దాని మోతాదు పెరుగుతుంది, అదీ ఉప్పును నిలిపే పనే చేస్తుంది. మెడ చుట్టూ కొవ్వు చేరినవారు రాత్రి గట్టిగా గురకపెట్టి, మధ్యలో కొన్ని క్షణాలు ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీలుస్తారు. ఊపిరి ఆగిన ప్రతిసారీ బీపీ పైకి లేస్తుంది గనుక రాత్రి పూట తగ్గవలసిన బీపీ తగ్గదు. మీ అత్తగారు ఇలా గురకపెట్టి, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మందులకు లొంగని బీపీ వెనుక ఇది చాలాసార్లు ఉంటుంది, అయినా అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

ఇక ఎంత తగ్గితే ఎంత లాభం అన్న లెక్క. అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలినది, కిలో బరువు తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు తగ్గుతుందని. నాలుగు కిలోలు తగ్గితే 158 కాస్తా 154 అవుతుందన్నమాట, ఈ మాత్రానికేనా ఇంత కష్టం అని మీ అత్తగారు అంటే ఆవిడను తప్పుపట్టలేం. కాని అది సగటు లెక్క. ఉప్పు కూడా తగ్గిస్తే పెద్దవారిలో ఫలితం ఇంకాస్త బాగుంటుంది, ఎందుకంటే వయసు పెరిగే కొద్దీ ఉప్పుకు బీపీ ఎక్కువగా స్పందిస్తుంది. అమెరికాలో 60 నుంచి 80 ఏళ్ళ వయసున్న 975 మంది మీద జరిపి 1998లో ఫలితాలు ప్రకటించిన ‘టోన్’ పరిశోధన సరిగ్గా ఈ సంగతే తేల్చడానికి పూనుకుంది. వారందరూ బీపీకి మాత్ర వాడుతూ అదుపులో ఉన్నవారే. కొందరికి ఉప్పు తగ్గించడం, లావుగా ఉన్నవారిలో కొందరికి బరువు తగ్గడం, ఇంకొందరికి రెండూ అలవాటు చేసి, మూడు నెలలయ్యాక వైద్యుల కనుసన్నల్లో మాత్ర ఆపి చూశారు. లావుగా ఉండి రెండూ పాటించినవారిలో బీపీ తిరగబెట్టడం, మళ్ళీ మాత్ర పట్టవలసి రావడం వంటివి, ఏమీ పాటించనివారితో పోలిస్తే, దాదాపు సగానికి పడిపోయాయి. వారు తగ్గిన బరువు సగటున నాలుగు కిలోల దరిదాపే. కడుపు మాడ్చుకునే పని కాదని ఆవిడకు చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

మీరిచ్చిన ఎత్తు, బరువుల ప్రకారం ఆవిడ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) దాదాపు 31. మన దేశపు వారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. అయితే పెద్దవారి విషయంలో నేను బీఎంఐని పూర్తిగా నమ్మను. వెన్నుపూసలు కుంగి ఎత్తు తగ్గితే బరువు పెరగకుండానే బీఎంఐ పెరుగుతుంది. కండ కరిగి ఆ చోట కొవ్వు చేరితే బరువు మారకుండానే ముప్పు పెరుగుతుంది. అంతకంటే దర్జీ టేపు నయం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా చుట్టి చూడండి. ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు ఎక్కువన్నమాట. తూకం యంత్రం వేళను బట్టి, కట్టుబట్టను బట్టి మారుతుంది. బొడ్డులో దోపుకున్న చిల్లర సంచి, తాళాల గుత్తి, చుట్టల డబ్బా తీయకుండానే కాటా ఎక్కి, కిలో పెరిగానని దిగులుపడిన మామ్మను నా గదిలోనే చూశాను.

అసలు చిక్కు మోకాళ్ళతో వస్తుంది. నొప్పి వల్ల నడవలేరు, నడవక బరువు పెరుగుతారు, బరువుతో నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు నేరుగా బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని కొంత చెడగొడతాయి, కిడ్నీలకూ హాని చేస్తాయి. ఊళ్ళలో కీళ్ళ నొప్పులకంటూ అమ్మే పేరులేని పొట్లాలలో స్టెరాయిడ్లు కలిసి ఉండడమూ ఉంది, అవైతే బరువునూ బీపీనీ రెంటినీ పెంచుతాయి. ఏడాదిగా మాత్ర వేసుకుంటున్నా బీపీ లొంగలేదన్నారు గనుక, ఆవిడ దిండు కింద, తువ్వాలు మూటలో ఏమేం మాత్రలున్నాయో ఒకసారి మెల్లగా కనుక్కోండి. బరువు తగ్గితే మోకాలికి కలిగే ఊరట మనం ఊహించేదానికంటే ఎక్కువ. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని లెక్కగట్టారు. ఆవిడను ఒప్పించడానికి బీపీ కంటే మోకాలే మంచి మాట అని నా అనుభవం. బీపీ ఎవరికీ నొప్పి పుట్టించదు కదా.

తిండి విషయంలో ఆవిడకు పస్తులు వద్దు, చపాతీల మీదికి మారడమూ వద్దు. మన వైపు పెద్దవారు మూడు పూటలా అన్నం మీదే ఉంటారు. ఉదయం తరవాణి, మధ్యాహ్నం నిండు కంచం, రాత్రి మళ్ళీ అదే. అన్నం గరిటెను మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి తగ్గించి, ఆ చోటును పప్పు, కూర, మజ్జిగ, గుడ్డు, పచ్చి చేపల పులుసుతో నింపండి. చోడి అంబలి మంచిదే కాని అంబలి తాగాక మళ్ళీ చద్దన్నం తింటే అది అదనపు భోజనమే అవుతుంది. మాంసకృత్తులు తగ్గకూడదన్నది ముఖ్యం. పెద్ద వయసులో తిండి మాత్రమే తగ్గిస్తే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. కండ పోతే లేవలేరు, పడిపోతారు. కిడ్నీలు బాగున్న పెద్దవారికి బరువు కిలోకు రోజుకు ఒక గ్రాము, అంతకు కొంచెం మించి మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములుంటాయి, గ్లాసు పాలలోనూ దాదాపు అంతే, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20. పలాస జీడిపప్పు గురించి కూడా అడుగుతుంటారు. గుప్పెడంటే 30 గ్రాములు, దానికి 170 కేలరీల పైమాటే. తినవచ్చు, గుప్పెడుతో ఆగగలిగితే, అదీ ఉప్పు వేసి వేయించనిదైతే.

ఉప్పు అన్ని రూపాల్లో కలిపి రోజుకు 5 గ్రాములకు లోపు, అంటే ఒక చెంచా, ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎండు చేప, ఆవకాయ, వడియాలు, అప్పడాలు, మజ్జిగలో చిటికెడు, గంజిలో చిటికెడు కలిపి చూస్తే మన కంచంలో అది ఎప్పుడో దాటిపోతుంది. వయసుతో నాలుక మొద్దుబారి ఉప్పు చాలలేదనిపించడం కూడా నిజమే. ఆ వెలితిని పులుపుతో, కారంతో, వేయించిన జీలకర్రతో తీర్చండి. ఎండు చేపను పూర్తిగా మానమంటే మీ అత్తగారు మీతో మాట్లాడడం మానేస్తారు గనుక, వారానికి ఒకసారికి తగ్గించి, వండే ముందు రెండు మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి కడగమనండి.

నడవలేనివారికి కూర్చుని చేసే వ్యాయామాలున్నాయి. గోడకు ఆనించిన, చేతులున్న కుర్చీలో కూర్చుని, వీలైతే చేతులు ఊనకుండా లేచి మళ్ళీ కూర్చోవడం, పూటకు అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచడం, కూర్చునే ఒక్కొక్క కాలు ముందుకు చాచి కొన్ని క్షణాలు నిలపడం వంటివి తొడ కండరాన్ని నిలబెడతాయి, మోకాలికీ అవే మందు. నెలకు ఒక కిలో, ఎక్కువలో ఎక్కువ కిలోన్నర తగ్గితే చాలు. ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గి అక్కడ నిలబడితే, రెండు నెలల్లో పది తగ్గి మళ్ళీ పెరగడం కంటే ఎంతో మేలు.

ఒక హెచ్చరిక. బరువు తగ్గాక చూద్దాంలే అని మందు సంగతి వాయిదా వేయవద్దు. 158 అంటే అదుపులో లేనట్టే. ఆ వయసులో 140కి లోపు, తట్టుకోగలిగితే 130 దాకా దించడం పక్షవాతం నుంచి, గుండె వైఫల్యం నుంచి కాపాడుతుంది. బరువు ఫలితం అందడానికి నెలలు పడుతుంది గనుక, ఈలోగా డాక్టరు మరో మందు కలపవలసి రావచ్చు, దాన్ని ఓటమిగా తీసుకోవద్దు. ఆవిడ పాదాలు సాయంత్రానికి వాస్తుంటే అది కూడా చెప్పండి. ఆమ్లోడిపిన్‌తో వచ్చే ఆ వాపును ఒళ్ళు పెరిగిందని పొరబడేవారు ఉన్నారు, మందు మారిస్తే అది పోతుంది.

ప్రశ్న: మా అమ్మగారు కొంచెం భారీ మనిషి. ఇంట్లో కొన్న ఎలక్ట్రానిక్ మెషీన్‌లో ఎప్పుడు చూసినా 170 పైన చూపిస్తుంది, ఆసుపత్రిలో మాత్రం 148, 150 అంటారు. లావుగా ఉన్నవారికి ఈ మెషీన్లు పనిచేయవా? (గజపతినగరం)

సమాధానం: మెషీన్‌లో తప్పు ఉండకపోవచ్చు, పట్టీ చిన్నది కావచ్చు. పట్టీ లోపల గాలి నిండే సంచి జబ్బ చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టాలి. మెషీన్‌తో పాటు వచ్చే మామూలు పట్టీలు చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు సరిపోతాయి. అంతకంటే లావైన జబ్బకు అదే కడితే బీపీ లేనిది ఉన్నట్టు, ఉన్నది మరీ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. అమెరికాలో 2023లో వెలువడిన ఒక పరిశోధనలో, అతి పెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ కట్టి చూస్తే పై అంకె దాదాపు 20 పాయింట్లు ఎక్కువ వచ్చింది. మీ ఇంటి తేడా కూడా అంతే ఉండడం గమనించండి. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత కొలిచి, దానికి తగిన పెద్ద పట్టీ అడిగి కొనుక్కోండి.

ఒకసారి కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు మా నర్సు బీపీ చూస్తున్నప్పుడు, గాలి ఎక్కగానే పట్టీ అంటు చరచరమని ఊడిపోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ ఊడింది. మూడోసారి బలంగా అదిమిపట్టి చూస్తే 190 వచ్చింది. ఆవిడ జాకెట్టు చేయి పైకి మడిచి ఉంది, ఆ మడత జబ్బను తాడులా బిగించేసింది. పైగా అంతకు కాసేపటి ముందే బయట చెట్టు కింద కూర్చుని అడ్డపొగ తాగి వచ్చానని ఆవిడే చెప్పింది. (చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని తాగే ఈ అలవాటు మన తీరం ఆడవారిలో ఇంకా ఉంది, దాని వల్ల అంగిట్లో వచ్చే పుండ్ల సంగతి మరోసారి రాస్తాను.) జాకెట్టు చేయి వదులు చేయించి, అరగంట కూర్చోబెట్టి, పెద్ద పట్టీతో చూస్తే 156. మందు వేయవలసిన బీపీయే, కాని 190కి వేసే మందు కాదు.

చుట్ట, బీడీ, కాఫీ తాగిన అరగంట వరకు చూడవద్దు. ముందు మూత్రానికి వెళ్ళి రమ్మనండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేయి గుండె ఎత్తున బల్ల మీద చాచి, మాట్లాడకుండా కూర్చోబెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుడిని, వయసు 71. బరువు 52 కిలోలు, ఎత్తు 166 సెంటీమీటర్లు. జీవితంలో ఎప్పుడూ లావెక్కలేదు. అయినా బీపీ 164/72 అంటున్నారు. సన్నగా ఉన్నవారికి బీపీ ఎలా వస్తుంది? కింది అంకె మామూలుగానే ఉంది కదా, మందు అవసరమా? (బొబ్బిలి)

సమాధానం: మాస్టారూ, బరువు బీపీకి ఒక కారణమే గాని ఏకైక కారణం కాదు. పొలానికి నీరు పెట్టే కొత్త రబ్బరు గొట్టం పంపు కొట్టిన ప్రతిసారీ కాస్త ఉబ్బి ఆ ఒత్తిడిని తనలో ఇముడ్చుకుంటుంది. అదే గొట్టం పదేళ్ళు ఎండలో పడి ఉంటే గట్టిపడి ఉబ్బదు, ఒత్తిడంతా గోడల మీదే పడుతుంది. పెద్ద ధమనులకు వయసుతో జరిగేది ఇదే. గుండె కొట్టినప్పటి ఒత్తిడి, అంటే పై అంకె, పెరుగుతుంది. గుండె విశ్రమించే వేళ ఒత్తిడిని నిలిపి ఉంచే సాగుడు లేక కింది అంకె పడిపోతుంది. మీ రెండు అంకెల మధ్య తేడా 92 ఉంది. కింది అంకె మామూలుగా ఉందని ధైర్యపడే విషయం కాదిది. 60 దాటినవారిలో పక్షవాతానికీ గుండె జబ్బుకూ పై అంకే ఎక్కువ హెచ్చరిక.

మందు అవసరమే. వయసు మీద పడ్డాక మందు వల్ల లాభమేముందన్న పాత సందేహానికి 2008లో వచ్చిన ‘హైవెట్’ పరిశోధన జవాబిచ్చింది. 80 ఏళ్ళు దాటిన 3,845 మందిలో బీపీకి మందు ఇచ్చినప్పుడు గుండె వైఫల్యం, మరణాలు స్పష్టంగా తగ్గాయి. అయితే మీ డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే తొందరపెట్టవద్దు.

మీకు వర్తించనిది బరువు తగ్గే సలహా ఒక్కటే. మీ బీఎంఐ 19కి కొంచెం లోపే ఉంది. మీ వయసులో అది తక్కువ. పక్కింటివారు బీపీకని రాత్రి అన్నం మానేశారని మీరూ మానకండి. ఉప్పు మాత్రం మీరూ తగ్గించాలి, ధమనులు గట్టిపడ్డవారికి అది ఇంకా అవసరం. ఉప్పు తగ్గిస్తే కూర సయించక మొత్తం తిండే తగ్గిపోయే ప్రమాదముంది. అలా అవుతుంటే ముందు తిండిని కాపాడుకోండి, ఉప్పును వారాల మీద మెల్లగా తగ్గించండి. మీ జబ్బ సన్ననిదైతే చిన్న పట్టీతో చూడాలని కూడా అడగండి. జబ్బకు మించిన పెద్ద పట్టీ బీపీని తక్కువ చేసి చూపించగలదు.

ప్రశ్న: మా నాన్నగారికి 64. కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. ఎనిమిది నెలల్లో బరువు 68 నుంచి 59 కిలోలకు తగ్గింది. పత్యం ఏమీ చేయలేదు. 150 ఉండే బీపీ 124కి వచ్చిందని సంతోషించి మాత్ర మానేశారు. ఇక ముందు బీపీ రాకుండా తక్కువ సోడియం ఉప్పు కొనమంటున్నారు. కొనవచ్చా? (సోంపేట)

సమాధానం: ఉప్పు సంగతి తర్వాత. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది ‘పత్యం ఏమీ చేయలేదు’ అన్న మాట. తగ్గాలని ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో అయిదు శాతం మించి పోతే దానికి కారణం వెతకాలి. మీ నాన్నగారికి 13 శాతం పోయింది. బీపీ తగ్గడం ఇక్కడ శుభవార్త కాదు, ఏదో జబ్బు ఒంటిని తినేస్తోందనడానికి గుర్తు కావచ్చు. మధుమేహం, క్షయ, థైరాయిడ్, పేగుల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు, ఊడిన పళ్ళు, మింగడంలో ఇబ్బంది, తోడు పోయిన దిగులు, వీటిలో ఏదైనా కావచ్చు.

మీ ఊరి విషయంలో ఇంకొకటి చేర్చాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. అది చాలామందిలో చప్పుడు చేయదు. మొదట్లో బీపీ పెద్దగా పెరగకపోవచ్చు, కాళ్ళు వాయకపోవచ్చు. ఆకలి మందగించడం, వికారం, నీరసం, బరువు పోవడం మాత్రమే కనిపించే సరికి కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. కాబట్టి ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం, చక్కెర, హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రోటీన్, థైరాయిడ్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, దగ్గుంటే కళ్ళె పరీక్ష చేయించండి. దూరం వెళ్ళవలసిన పని లేదు, 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి పలాసలోనే ఉన్నాయి. మాత్ర మానేసిన సంగతి కూడా అక్కడ దాచకుండా చెప్పండి.

తక్కువ సోడియం ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్నవారికి ఇది నిజంగా మేలు చేసేదే. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో ఇలాంటి ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గింది. కాని కిడ్నీలు బలహీనపడితే పొటాషియం బయటికి పోదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మందులు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి గనుక రెండూ కలిస్తే ఇంకా ప్రమాదం. ఉద్దానంలో క్రియాటినిన్ చూడకుండా ఎవరూ ఈ ఉప్పు జోలికి వెళ్ళవద్దని నా గట్టి సలహా. కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలితే తోటలో దింపిన కొబ్బరి బోండాలకు కూడా అదే హెచ్చరిక వర్తిస్తుంది, వాటిలోనూ పొటాషియం ఎక్కువే. పరీక్షలు వచ్చేదాకా ఇంట్లో ఉన్న మామూలు ఉప్పునే తక్కువగా వాడండి.

ప్రశ్న: నాకు 72. డాక్టరు గారి సలహా మీద ఏడు నెలల్లో 78 కిలోల నుంచి 71కి తగ్గాను. టెల్మిసార్టాన్ 40తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర ఉదయం, ఆమ్లోడిపిన్ 5 రాత్రి వేసుకుంటున్నాను. నెల రోజులుగా మంచం మీంచి లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. బీపీ 108/64 ఉంటోంది. ఇంట్లోవాళ్ళు, తిండి తగ్గించడం వల్లే నీరసం, మళ్ళీ బాగా తినండి అంటున్నారు. (రాజాం)

సమాధానం: మీరు చేసిన పని సరైనదే, ఇంట్లోవారు చెప్పే మందు సరైనది కాదు. 78 కిలోల మనిషికి రాసిన మోతాదు 71 కిలోల మనిషికి ఎక్కువైపోయింది. పెద్దవారు బరువు తగ్గినప్పుడు డాక్టర్లమూ కొన్నిసార్లు చేసే పొరపాటు ఇది. బరువు తగ్గమని చెబుతాం, తగ్గారో లేదో చూసి మెచ్చుకుంటాం, మాత్రల చీటీని మాత్రం పాతదే తిరిగి రాసిస్తాం. మళ్ళీ బరువు పెరగడమో, ఉప్పు పెంచడమో దీనికి విరుగుడు కాదు. తగ్గవలసింది మందు, అదీ మీ అంతట మీరు కాదు, ఏది ఎంత తగ్గించాలో మీ డాక్టరు తేల్చాలి. ఈ వారంలోనే వెళ్ళండి. స్పృహ తప్పినా, పడి దెబ్బ తగిలినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే ఈ వయసులో తుంటి విరిగితే అది బీపీ కంటే పెద్ద కష్టం.

వెళ్ళే లోపు రెండు రోజులు ఈ పని చేయండి. ఉదయం మాత్ర వేసుకునే ముందు అయిదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. తర్వాత ఎవరినైనా పక్కన ఉంచుకుని లేచి నిలబడి, మొదటి నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి చూసుకోండి. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోండి. నిలబడ్డాక పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతుంటే మీ బైర్లకు కారణం అదే. లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, మంచం అంచున రెండు నిమిషాలు కాళ్ళు వేలాడేసి కూర్చుని, పాదాలు కొన్నిసార్లు ఆడించి, అప్పుడు నిలబడండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు దీపం వేయకుండా అడుగు వేయవద్దు. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోంచి నీటిని లాగే మందు గనుక, ఎండలో పొలానికి వెళ్ళినా, విరేచనాలు పట్టుకున్నా బీపీ ఇంకా పడిపోగలదు. అలాంటి రోజున వెంటనే డాక్టరుకు ఫోను చేసి అడగండి.

రాసుకున్న అంకెల కాగితం, ఏడు నెలల బరువు లెక్క, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, 104 బండి దగ్గర తీసుకున్నవీ, మోకాళ్ళకని షాపులో కొన్నవీ కూడా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి.